ట్రాలీ పాతబడాలంటే

మా ప్రెస్‌లో అందరికంటే సుఖపడ్డ ఉద్యోగి ట్రాలీ. వచ్చిన రోజు నుంచీ ఒక్క కట్ట మొయ్యలేదు. ముందుగదిలో, ఫ్యాను కింద, సోఫా పక్కన నిలబడి ఉండేది. దానికి తయారుచేసినవాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కవర్ ఒకటి, దానిమీద మా ప్రొప్రైటర్ గారి ఇంటి నుంచి వచ్చిన దుప్పటి ఒకటి. చలిరోజుల్లో దాన్ని చూస్తే మాకు అసూయగా ఉండేది.

మాది నోటు పుస్తకాలు అచ్చేసే ప్రెస్. నేను డిస్పాచ్ చూస్తాను. అంటే తయారైన కట్టల్ని వ్యాన్‌కెక్కించి, ఇవ్వాల్సిన చోట ఇచ్చి, సంతకం పెట్టించుకుని వస్తాను. మా ఆవిడ బైండింగ్‌లో చేస్తుంది. అచ్చు మెషిన్ నడిపేది బాబాయ్. ఆయన మాలో ఎవరికీ బాబాయ్ కాదు. ప్రొప్రైటర్ గారు కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు, వయసులో ప్రొప్రైటర్ గారే పెద్ద. ఎలా మొదలైందో ఎవరికీ తెలీదు, ఇప్పుడు మార్చడం కుదరదు.

కాగితం చూడ్డానికి తేలిక. ఒక్కటి ఊదితే ఎగిరిపోతుంది. అదే కట్ట కడితే బడికెళ్లే పిల్లాడంత బరువు. పైగా పిల్లాణ్ణి ఎత్తుకుంటే వాడు మన మెడ పట్టుకుంటాడు. కట్ట పట్టుకోదు.

ఇదివరకు కట్టలెత్తడానికే ఒక మనిషి ఉండేవాడు. భుజం పట్టేసి, చెయ్యి పైకి లేవక మానేశాడు. అప్పుడు బీమా కంపెనీ నుంచి ఒకాయన వచ్చి అంతా తిరిగి చూసి, ఇలా వంగి లేస్తూ ఉంటే ఇక్కడ ఒక్క నడుమూ మిగలదని చెప్పి, పెడల్ తొక్కితే బల్ల పైకి లేచే ట్రాలీ కొనమన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక బొమ్మల పోస్టరు కూడా ఇచ్చాడు. బరువెలా ఎత్తాలో అందులో ఉందట. ఉందట అని ఎందుకంటున్నానంటే, మా ప్రొప్రైటర్ గారు దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూసి, "అబ్బ, ఆర్టు పేపరయ్యా! గోడకి అంటిస్తే పాడైపోతుంది" అని చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ పోస్టరు క్షేమంగా ఉంది.

ట్రాలీ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గుమ్మం ముందు దింపారు. చక్రాలున్నాయి కదా అని నేను తొయ్యబోయాను.

"ఏయ్, ఏయ్! నేలమీద ఈడుస్తావేంటయ్యా? గచ్చుకి చక్రాలు గీసుకుపోవూ? ఎత్తండి!"

మనుషులు బరువులెత్తకుండా ఉండడానికి కొన్న వస్తువుని నలుగురం కలిసి మెట్లమీదుగా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాం. ఆ నలుగురిలో మా ఆవిడ ఒకతి.

ప్రొప్రైటర్ గారు చెడ్డవారు కాదు. ఈ మాట నేను ఇంట్లో చాలాసార్లు అన్నాను, అన్న ప్రతిసారీ మా ఆవిడ "నేనేమన్నా అన్నానా?" అంటుంది. ఆయనకి వస్తువులంటే ప్రాణం, అంతే. ఆయన కళ్లజోడుకి ఒక పెట్టె ఉంది. పెట్టెకి గుడ్డసంచి ఉంది. గుడ్డసంచి పెట్టుకోడానికి తోలుసంచి ఉంది. ఎవరైనా వచ్చి సంతకం పెట్టమంటే, ఇవన్నీ విప్పి ఆయన కళ్లజోడు బయటికి తీసేసరికి, వచ్చినవాడు తనెందుకొచ్చాడో మర్చిపోతాడు.

ఇక మా ఆవిడ నడుము సంగతి. బైండింగ్ గదిలో కట్టలు నేలమీద ఉంటాయి. కటింగ్ మెషిన్ నడుమెత్తులో ఉంటుంది. ఎత్తే మనిషి మానేశాక, ఆ రెండింటి మధ్యా లిఫ్టు మా ఆవిడే. మొదట్లో "కాస్త పట్టేసింది" అనేది. తర్వాత గోడ పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. తర్వాత ఎడమకాలు తిమ్మిరెక్కుతోందంది. చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియకుండా వీధి చివరిదాకా నడిచిన రోజున డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ కాలు ఎత్తించి, దించి, సుత్తితో కొట్టి చూసింది.

"నరం నొక్కుకుంటోంది. ఇంకా ఇలాగే వంగి బరువులెత్తారంటే ఈ కాలు మీ మాట వినడం మానేస్తుంది. అప్పుడిక మందులు కాదు, ఆపరేషన్. అదైనా కాలు పూర్తిగా తిరిగొస్తుందని ఎవరూ చెప్పలేరు."

"పని మానెయ్యాలా అండీ?" అంది మా ఆవిడ. ఆ గొంతులో భయం నాకు తెలుసు. కాలు పోతుందన్నప్పుడు అంత భయపడలేదు. ఇంట్లో కూర్చోబెడతారంటేనే ఆమెకి కాళ్లాడవు.

"అక్కర్లేదు. నేలమీంచి ఎత్తడం మానెయ్యండి చాలు. నడుమెత్తులోకి లేపే సాధనమేదీ లేదా మీ దగ్గర?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఉందండీ," అంది మా ఆవిడ. "దుప్పటి కప్పుకుని పడుకుంది."

*

ప్రొప్రైటర్ గారిని ట్రాలీ అడగాలి. అడగడం కష్టమేం కాదు, నోరుంటే చాలు. కానీ నాకు మొహమాటం. మొదటిసారి ఆయన గదిలోకి వెళ్లి ఆయన దగ్గు ఎలా ఉందో కనుక్కుని వచ్చేశాను. రెండోసారి వెళ్తే ఆయనే నా కాలు బెణుకు తగ్గిందా అని అడిగారు. నాకు కాలు బెణకలేదు. తగ్గిందని చెప్పి వచ్చేశాను.

"అడిగారా?" అంది మా ఆవిడ.

"ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు అడుగుతా."

"నా కాలు కూడా మంచి మూడ్‌లో ఉన్నప్పుడే అడగండి. ఇంకెన్నాళ్లుంటుందో."

మూడోసారి అడిగేశాను.

"ఎన్ని కట్టలేంటి?" అన్నారాయన.

"ఓ ఇరవై ఉంటాయి సార్."

"ఇరవైకే ట్రాలీయా? దుప్పటి తీసి, కవర్ విప్పి, మళ్లీ వేసేసరికి పొద్దుపోతుంది. చేత్తో పెడితే అయిపోయేదానికి."

"రేపు కాగితం లోడు కూడా ఉంది సార్. లోడంతా దానిమీదే..."

"లోడంతానా!" ఆయన కుర్చీలోంచి లేచారు. "కొత్తదయ్యా అది! ఒక్కసారే అంత బరువేస్తే దాని గతేం కావాలి?"

"మరి ఎంతైతే వెయ్యొచ్చు సార్?"

ఆయన నిజంగానే ఆలోచించారు. చిన్న బరువుకి ట్రాలీ దండగ. పెద్ద బరువు ట్రాలీకి మంచిది కాదు. ఈ రెంటి మధ్యలో ట్రాలీకి తగిన బరువేదో ఒకటి ఉండాలి. అది ఇంతవరకూ మా ప్రెస్‌లో తయారుకాలేదు.

"మా ఆవిడ నడుము సార్. డాక్టరు బరువులెత్తొద్దంది. కాలు తిమ్మిరెక్కుతోంది."

"అయ్యయ్యో!" అన్నారు. నటన కాదు, నిజంగానే బాధపడ్డారు. "జాగ్రత్తగా చూసుకోవయ్యా. నడుము ఒకసారి పోతే మళ్లీ రాదు. ట్రాలీ అయితే రిపేరు చేయించుకోవచ్చు గానీ, నడుముని ఎక్కడ చేయిస్తాం?"

"అందుకే సార్, ట్రాలీ వాడితే..."

"రిపేరంటే మాటలనుకున్నావా? వాళ్ల చుట్టూ తిరగలేక చస్తాం."

బయటికి వచ్చాక మా ఆవిడ తలెత్తకుండా దారం కోస్తూ అడిగింది. "ఏమన్నారు?"

"జాగ్రత్తగా ఉండమన్నారు."

"ఎవర్ని? నన్నా, దాన్నా?"

నేను ప్రెస్‌లో ఉన్నంతసేపూ ఆమె కట్టలు నేనే ఎత్తిపెట్టేవాణ్ణి. కానీ నా వ్యాన్ సందు మలుపు తిరగ్గానే పనులన్నీ ఒక్కసారి మీదపడేవి. పక్కనే బాబాయ్ ఉంటాడు, ఒక్కమాట చెప్తే ఎత్తిపెడతాడు. ఆమె చెప్పదు. "పెద్దాయన్ని ఏం అడుగుతాం" అంటుంది. ఆయనంతట ఆయన లేవడు. "ఎత్తుతానంటే, పని చేతకాదంటున్నానని అనుకుంటుందేమో అమ్మాయి" అంటాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎంతో గౌరవించుకుంటారు. ఆ గౌరవమంతా వెళ్లి మా ఆవిడ వెన్నుపూస మీద కూర్చుంది.

ఇదంతా ఒక ఎత్తు, అమ్మగారు ఒక ఎత్తు. అమ్మగారంటే ప్రొప్రైటర్ గారి భార్య. వారానికొకసారి ముందుగది సర్దించడానికి వస్తారు. ట్రాలీ ఆవిడ దృష్టిలో ప్రెస్ సామాను కాదు, సోఫా సెట్టులో భాగం. దుమ్ము దులిపే పని మా ఆవిడకి అప్పగించారు, చెయ్యి శుభ్రంగా ఉంటుందని.

ఆ వారం నేను సంతకాల కాగితాలివ్వడానికి ముందుగదిలోకి వెళ్లేసరికి, మా ఆవిడ దుప్పటి దులిపి మళ్లీ కప్పుతోంది.

"అమ్మాయ్, చక్రాల కింద ఎంత దుమ్ముందో చూశావా? ఓ పక్క కాస్త ఎత్తిపట్టుకుని తుడు," అన్నారు అమ్మగారు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఏదో ఒకటి అనాలి. "నేనెత్తుతా అమ్మగారూ" అన్నాను. నేనెత్తాను, ఆమె వంగి తుడిచింది. ఎత్తింది నేనే కదా, ఏదో సాయం చేశాననుకుంటూ నిలబడ్డాను. తుడవడం అయ్యాక ఆమె లేవలేకపోయింది. సోఫా చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, సగం వంగే ఉండిపోయింది.

"సోఫా మీద చేతిముద్రలు పడతాయమ్మాయ్," అన్నారు అమ్మగారు. ఆ తర్వాత మొహం చూసి, "మంచినీళ్లేమన్నా కావాలా?" అన్నారు. ఆవిడ కూడా చెడ్డమనిషి కాదు. మా ప్రెస్‌లో చెడ్డవాళ్లు లేరు. అదే మా బాధ.

*

ఇంటికొచ్చి ఆమెని మంచమ్మీద బోర్లా పడుకోబెట్టాను. స్టవ్ మీద పెనం పెట్టి తువ్వాలు వేడిచేసి కాపడం పెడుతున్నాను.

"హాట్ వాటర్ బ్యాగ్ కొన్నారుగా. అదేది?" అంది దిండులోంచి.

"బీరువాలో ఉంది."

"తియ్యచ్చుగా."

"తీస్తాలే. మరీ ఎక్కువైనప్పుడు పనికొస్తుందని ఉంచా. ఈమాత్రానికి తువ్వాలు సరిపోతుంది కదా అని..."

ఆమె మెడ తిప్పి నన్ను చూసింది. పెళ్లయినప్పట్నుంచీ ఆమె నన్ను చాలా రకాలుగా చూసింది గానీ, ఈ రకం కొత్త.

"నా నొప్పి దానికి సరిపోలేదా? పోయి ఇంకొంచెం పెంచుకు రమ్మంటారా?"

నేను లేచి బీరువా తీశాను. అట్టపెట్టె, అందులో కవర్, కవర్లో బ్యాగు. కవర్ చిరగకుండా విప్పుతున్నాను. వెనకనుంచి "చింపండి!" అని వినిపించింది. చింపాను. పాపం, మంచి కవరు.

బ్యాగు నడుము మీద పెట్టాక కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"మనింట్లో స్టీలు ఫ్లాస్కు ఎప్పట్నుంచి వాడుతున్నాం?" అంది ఉన్నట్టుండి.

"కిందపడి సొట్టపడ్డప్పట్నుంచి."

"గాజుగ్లాసులు?"

"సెట్టులో రెండు పగిలాక."

"చుట్టాలొస్తే వెయ్యాలని దాచిన మంచి దుప్పటి?"

"దానిమీద నువ్వు టీ ఒలకబోశాక."

"పొరపాటున పోశాననుకుంటున్నారా?"

నేను బ్యాగు సర్దుతున్నవాణ్ణి ఆగిపోయాను. ఆ దుప్పటి మీద టీ మరక పడినందుకు నేను రెండురోజులు అన్నం సరిగా తినలేదు.

"అది బీరువాలో ఉన్నన్నాళ్లూ నేను చలికి ముడుచుకుని పడుకున్నాను," అంది. "మరకపడిన రోజు నుంచి వెచ్చగా పడుకుంటున్నాను. మనవాళ్లకి వస్తువు కొత్తగా ఉన్నంతకాలం అది మనది కాదండీ. ఎవరిదో మనం దాచిపెడుతున్నట్టుంటుంది. పాడైతేనే మనదవుతుంది."

"అయితే ఇప్పుడేమంటావ్?"

"ఏమీ అనను. బ్యాగు కొంచెం కిందికి జరపండి."

*

తర్వాతి వారం నేను వ్యాన్‌లో కట్టలు సర్దుతుంటే ముందుగదిలోంచి ప్రొప్రైటర్ గారి కేక వినిపించింది. దగ్గరివాళ్లెవరో పోయారన్న కబురు వస్తే పెట్టే కేక అది. నేను, బాబాయ్, వ్యాన్ డ్రైవరు ఒక్క పరుగున వెళ్లాం.

దుప్పటి సోఫా మీదుంది. కవర్ రెండుగా చీలి కిందపడి ఉంది. మేమెవ్వరం ఇంతవరకూ చూడని ట్రాలీ నీలంగా, నిగనిగలాడుతూ నిలబడి ఉంది. దాని బల్ల మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక తెల్లటి గీత. పక్కన మా ఆవిడ, చేతిలో కాగితాలు కోసే కత్తి.

"కవర్లోపల కూడా దుమ్ము పట్టింది సార్. తుడుద్దామని కవర్ కోశాను. చెయ్యి జారింది," అంది.

అందరం గీత వైపే చూశాం. చెయ్యి జారిందన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆ గీత బల్ల అంచుకి సమాంతరంగా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఇన్నేళ్లు బైండింగ్‌లో చేసిన మనిషి, పాపం, వంకరగీత గియ్యడం చేతకాదు.

"మార్జిన్‌లా ఉంది," అన్నాడు బాబాయ్ మెల్లగా. నేను ఆయన కాలు తొక్కాను.

ప్రొప్రైటర్ గారు సోఫాలో కూలబడ్డారు. మాకేం చెయ్యాలో తెలియలేదు. ఇలాంటప్పుడు ఊరికే నిలబడితే బాగుండదని డ్రైవరు చేతులు కట్టుకున్నాడు. అది చూసి నేనూ కట్టుకున్నాను. అమ్మగారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

"నిన్నటిదాకా ఎలా ఉండేది!" అన్నారు ప్రొప్రైటర్ గారు.

"అవునండీ," అన్నాడు బాబాయ్. "నిండుగా దుప్పటి కప్పుకుని ఉండేది."

"ఒక్కరోజు కూడా బయటికి తియ్యలేదు కదయ్యా."

"ఏం సుఖపడింది చెప్పండి."

ప్రొప్రైటర్ గారు లేచి, గీత మీద బొటనవేలు పెట్టి రుద్దారు. పోలేదు. ఉమ్మితో తడిచేసి రుద్దారు. ఇంకాస్త తెల్లగా కనపడింది. ఆయన మా ఆవిడని ఒక్కమాట అన్లేదు. కనీసం ఆమె వైపు చూడలేదు. పొమ్మంటారనే అనుకున్నాను.

"ఇంకేముంది," అన్నారు చివరికి. "పాతదైపోయింది. తీసుకుపోండి లోపలికి. ఏం చేసుకుంటారో చేసుకోండి."

ఆ రోజు నుంచి మా ఆవిడ నేలమీంచి ఒక్క కట్ట ఎత్తలేదు. బల్ల నేలదాకా దించి, కాగితం వచ్చింది వచ్చినట్టే ట్రాలీ మీదికి జరపడం, బైండింగ్ గదిదాకా తొయ్యడం, పెడల్ తొక్కడం. బల్ల మెల్లగా నడుమెత్తుకి లేచేది. అక్కణ్ణుంచి మెషిన్ మీదికి తోసెయ్యడమే. ఇంత సులువైన పనికి ఒక మనిషి భుజమూ, ఒక మనిషి నడుమూ ఎందుకు ఖర్చయ్యాయా అనిపించేది. కాలి తిమ్మిరి పూర్తిగా పోలేదు గానీ, చెప్పు జారితే తెలుస్తోందంది.

ట్రాలీ పాతదని తేలాక అందరికీ దానిమీద చనువొచ్చింది. డ్రైవరు దానిమీద కూర్చుని అన్నం తినేవాడు. బాబాయ్ హ్యాండిల్‌కి తువ్వాలు ఆరేసేవాడు. ప్రొప్రైటర్ గారు మాత్రం దాని పక్కనుంచి వెళ్లాల్సొస్తే మొహం పక్కకి తిప్పుకునేవారు.

మా సుఖం ఎంతోకాలం సాగలేదు.

*

కాగితం లోడు దిగిన రోజు అది. బడులు తెరిచే ముందు వచ్చే లోడు. బైండింగ్ గదిలో అడుగు పెట్టే చోటు లేకుండా రీములు నేలమీద పరుచుకుని ఉన్నాయి. మా ఆవిడ ట్రాలీ తోసుకుంటూ అప్పుడే మొదలుపెట్టింది. అమ్మగారు ప్రొప్రైటర్ గారిని వెంటబెట్టుకుని వచ్చారు.

"ఏమండీ, అది ఎలాగూ పాతదైపోయిందిగా. ఇంటికి పంపించెయ్యండి. పూలకుండీలు ఎండలోకి జరపలేక చస్తున్నాను."

"అవును సుమా," అన్నారు ప్రొప్రైటర్ గారు. ఆయన మొహంలో పెద్ద భారం దిగిన వెలుగు కనిపించింది. కళ్లముందు నుంచి పోతుందని కాబోలు. "ప్రెస్‌కి మళ్లీ కొత్తది తీసుకుందాం. ఏమయ్యా, వ్యాన్ ఎక్కించండి."

కొత్తది వస్తుంది. దుప్పటి కూడా సిద్ధంగానే ఉంది.

మా ఆవిడ ట్రాలీ హ్యాండిల్ వదల్లేదు. "సార్, ఇవాళ లోడు..."

"చేత్తో కానిచ్చెయ్యండమ్మా ఈ ఒక్కసారికీ. అందరూ తలో చెయ్యి వెయ్యండి."

తలో చెయ్యి అంటే ఏమిటో మాకు తెలుసు. నేను వ్యాన్‌లో వెళ్లిపోతాను. బాబాయ్ మెషిన్ దగ్గర ఉంటాడు. మిగిలేవి మా ఆవిడ చేతులే.

ట్రాలీని గుమ్మం దాకా తోశాం. బయట మెట్లు, ఆపైన వ్యాన్. వ్యాన్ అడుగు ఛాతీ ఎత్తులో ఉంటుంది. ట్రాలీ ఎంత బరువునైనా ఎత్తుతుంది గానీ, తనని తను ఎత్తుకోలేదు. మళ్లీ నలుగురు కావాలి.

"ఊఁ, పట్టండి," అన్నారు ప్రొప్రైటర్ గారు.

నా చేతులు వాటంతటవే ముందుకెళ్లాయి. పట్టమంటే పట్టడం వాటికి అలవాటు. ఎదురుగా మా ఆవిడ కూడా వంగబోతోంది. ఒక చెయ్యి ట్రాలీ అంచు మీద, ఇంకో చెయ్యి తన నడుము మీద. పెదవి బిగబట్టి ఉంది. ఎవరేం అనుకుంటారోనని ఆమె కూడా వంగేస్తోంది, నాలాగే.

నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

"నేనెత్తను సార్."

ఈ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానమొచ్చింది. అందరూ నా వైపే చూడ్డంతో నాదేనని తేలింది.

"ఏంటయ్యా?"

"నేనెత్తను. మా ఆవిడనీ ఎత్తనివ్వను. ఇది వెళ్లిపోతే లోపలున్న లోడంతా తనే ఎత్తాలి. కాలు పోతుందని డాక్టరు చెప్పింది." ఇంకా ఏదో గట్టిగా అనాలని నోరు తెరిచాను. "మీ దగ్గు ఎలా ఉంది సార్?" అని వచ్చింది. అలవాటు.

ప్రొప్రైటర్ గారు డ్రైవరు వైపు తిరిగారు.

"నాకూ నడుం నొప్పే సార్," అన్నాడు డ్రైవరు, చటుక్కున వీపు మీద చెయ్యేసుకుని. "కావాలంటే మా ఇంట్లోవాళ్లని అడగండి. పొద్దున లేస్తే కర్రలా బిగుసుకుపోయుంటాను."

"నీదేం నొప్పిరా," అన్నాడు బాబాయ్. "నాకు మెడ దగ్గర మొదలై మడమ దాకా లాగుతుంది. రాత్రిళ్లు కుర్చీలో కూర్చుని నిద్రపోతాను."

"నువ్వు మెషిన్ దగ్గర కూడా అలాగే నిద్రపోతావ్ కదా బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"అది వేరే నొప్పి."

వీళ్లలో ఎవరి నొప్పి నిజమో నాకు తెలీదు. ఇన్నాళ్లుగా ఒక్కరూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఒకరిని మించి ఒకరు చెప్పుకుంటున్నారు. సాయానికి రమ్మంటే కదలని మర్యాదస్తులు, నొప్పుల దగ్గర మాత్రం వెనక్కి తగ్గట్లేదు.

"చాల్లే ఆపండి!" అన్నారు ప్రొప్రైటర్ గారు. "ఈ ముక్క ఎత్తడానికి ఇంత గోలా? నేనే పెడతాను. ఏయ్, అటు పట్టుకో," అని అమ్మగారితో అన్నారు.

"నేనా?" అన్నారు అమ్మగారు, పట్టుచీర ఎవరో లాక్కుంటున్నట్టు.

ఆయన చొక్కా చేతులు మడిచారు. కాళ్లు తిన్నగా పెట్టి, నడుము దగ్గర మడతపెట్టిన కాగితంలా వంగి, రెండు చేతులతో అంచు పట్టుకున్నారు.

"సార్, వద్దు!" అంది మా ఆవిడ.

అది కోపం కాదు. ముక్కుతూ మూలుగుతూ ఇన్నాళ్లు బైండింగ్ గదిలో ఉన్న మనిషి గొంతు. ఆయన వంగినవారు వంగినట్టే ఆగి, తల పైకెత్తి చూశారు.

"అలా వంగి లేచేటప్పుడే సార్, నాకు మొదలైంది. టక్కుమని చిన్న చప్పుడు వినిపిస్తుంది, అంతే. ఆ తర్వాత చెప్పు తొడుక్కోవాలన్నా ఒక మనిషి కావాలి. మీరు వద్దు."

ప్రొప్రైటర్ గారు మెల్లగా చేతులు వదిలేశారు. అంతకంటే మెల్లగా లేచారు. సగం లేచాక ఒక్కక్షణం ఆగి, లోపల ఏదైనా చప్పుడవుతుందేమోనని విన్నారు. మేమందరం కూడా విన్నాం. ఏమీ వినిపించలేదు. పూర్తిగా నిలబడ్డాక కూడా ఒక చెయ్యి నడుము మీదే ఉంది.

"ఏమైందండీ?" అన్నారు అమ్మగారు.

"ఏం కాలేదు."

"కాకపోతే ఆ చెయ్యి అక్కడెందుకుంది?"

ఆయన చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నారు. కాసేపు మా ఆవిడ ఎడమకాలు వైపు చూశారు. ఇన్నాళ్లూ నేను చెప్పినప్పుడు ఆయన అయ్యయ్యో అన్నారు గానీ, ఆ కాలు ఏదో చూడలేదు. పాదం కొంచెం పక్కకి పడి ఉంది, ఆమె అలాగే నిలబడుతుంది ఇప్పుడు.

"కుండీలు ఇప్పుడున్న చోట బాగానే ఉన్నాయిగా," అన్నారు భార్యతో.

"ఎక్కడ బాగున్నాయి? ఎండ తగలక వాడిపోతుంటే!"

"ఈ లోడు కానియ్. తర్వాత మాట్లాడుకుందాం."

"మీతో ఎప్పుడూ ఇంతే. వచ్చేవారం మా వీధిలోవాళ్లని ఇద్దర్ని పట్టుకొస్తాను. వాళ్లు ఎత్తుకెళ్తారు."

ఆ మాటకి నాకు మళ్లీ నీరసం ముంచుకొచ్చింది. వచ్చేవారం మళ్లీ ఇదే గుమ్మం, ఇదే గొడవ. ఈసారి నేను ఏం మాట్లాడాలో, అప్పుడు నోరొస్తుందో రాదో. కానీ మా ఆవిడ అప్పటికే ట్రాలీని వెనక్కి తిప్పేసింది.

"రానివ్వండి అమ్మగారూ," అంది వెనక్కి చూడకుండా. "వాళ్లకి మాత్రం నడుములుండవా?"

తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. రీముల పక్కన ఆపి, గుమ్మంలోనే నిలబడిపోయిన బాబాయ్‌ని కేకేసింది. "బాబాయ్, ఇటు రా. ఇవన్నీ దీనిమీదికి జరపాలి. నా ఒక్కదాని వల్ల కాదు."

ఆమె ఎవరినైనా సాయం అడగడం అదే మొదటిసారి. బాబాయ్ ఒక్క అంగలో వెళ్లాడు. మెడ నుంచి మడమ దాకా లాగే మనిషని ఎవరూ అనుకోరు.